సర్వర్‌ని కొట్టులోని బిల్లింగ్ ప్రోగ్రాంలోనే కూర్చోబెట్టాలంటే ఏది మేలు?

పర్లాకిమిడిలో ఒక జీడిపప్పు వ్యాపారికి రెండు కొట్లున్నాయి. ఒకటి ఊళ్లోనే, రెండోది పక్కనున్న పాతపట్నంలో. మాట ఒకటే, చుట్టరికాలు ఒకటే, బజారూ దాదాపు ఒకటే. పన్ను లెక్కకొచ్చేసరికి మాత్రం రెండు రాష్ట్రాలు. ఒడిశా కొట్టు జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, ఆంధ్ర కొట్టుది 37తో. రెండింటి బిల్లులూ పర్లాకిమిడి కొట్టులోని ఒక్క కంప్యూటర్ మీదే కొడతారు. ఆ బిల్లింగ్ ప్రోగ్రాం నేను రాసిందే.

ఒక నెల పదో తారీఖున ఆ కొట్టు గుమస్తాగారు ఫోన్ చేశారు. పాతపట్నం కొట్టు నుంచి టెక్కలి వ్యాపారికి వెళ్లిన బిల్లు చదివి వినిపించారు. సరుకు 48,000, ఐజీఎస్టీ 5 శాతం 2,400, మొత్తం 50,400.

“మొత్తం సరిపోయింది కదండీ” అన్నాను.

“మొత్తం సరే బాబూ, పన్ను ఎళ్లాల్సిన చోటికి ఎళ్లలేదు. టెక్కలి ఆంధ్రాలోదే గదా. సీజీఎస్టీ 1,200, ఎస్జీఎస్టీ 1,200 పడాలి. నీ ప్రోగ్రాం ఈ కొట్టుని ఒడిశాలో ఉందనుకుంటంది.”

రాష్ట్రం దాటే అమ్మకానికి ఐజీఎస్టీ, రాష్ట్రం లోపలి అమ్మకానికి సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ చెరి సగం. ఎటు వేసినా 2,400 రూపాయలే కాబట్టి కౌంటర్ దగ్గర ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మకాల లెక్క చూపే జీఎస్టీఆర్-1 దాఖలుకు మర్నాడే గడువు. ఆయన ఒక్కొక్క బిల్లూ సరిచూసుకుంటూ కూర్చోబట్టి బయటపడింది. ఆ రాత్రంతా కోడ్ ముందు కూర్చుంటే కారణం ఒక్క లైనులో దొరికింది. కొట్టు రాష్ట్రం కోడ్‌ని ఒక గ్లోబల్ వేరియబుల్‌లో, అంటే ప్రోగ్రాం మొత్తానికీ ఉమ్మడి గడిలో పెట్టాను. ఒకే ప్రోగ్రాంలో కొట్టుకొకటి చొప్పున రెండు సర్వర్లు, అంటే బిల్లు తయారుచేసే భాగాలు, లేస్తున్నాయి. ముందు పాతపట్నం సర్వర్ లేచి అందులో 37 రాసుకుంది. తర్వాత పర్లాకిమిడి సర్వర్ లేచి అదే గడిలో 21 రాసింది. అక్కణ్ణించి ఇద్దరూ చదివేది 21నే.

అసలు సర్వర్‌ని కొట్టు ప్రోగ్రాం లోపలికి ఎందుకు తెచ్చానో చెప్పాలి. మొదట్లో అది ఎక్కడో అద్దె మెషీన్ మీద ఉండేది, కొట్లవాళ్లు బ్రౌజర్‌లో తెరిచేవారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కరెంటు, నెట్ రెండూ రోజుల తరబడి లేవు. జనరేటర్ పెట్టుకుని కొట్టు తెరిచినవాళ్ల కంప్యూటర్లు వెలిగాయి గానీ, సర్వర్ ఊళ్లో లేదు కాబట్టి ఒక్క బిల్లూ రాలేదు. కాగితం మీదే రాసుకున్నారు. నెట్ లేకపోయినా బిల్లు రావాలంటే సర్వర్ ఆ కౌంటర్ మీది కంప్యూటర్‌లోనే ఉండాలి. అందులో ఇంకో మాటకు తావులేదు. ఎలా ఉండాలన్నదే ప్రశ్న. నాలుగు దారులు చూశాను, నాలుగూ వాడాను.

మొదటిది, సర్వర్‌ని ముట్టుకోకుండా పక్కన వేరే ప్రోగ్రాంగా నడపడం. కొట్టు ప్రోగ్రాం లేచినప్పుడు దాన్నీ లేపుతుంది, ఇద్దరూ ఆ కంప్యూటర్‌లోనే 8080 పోర్టు, అంటే 8080 నంబరు తలుపు, మీద మాట్లాడుకుంటారు. పాత కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. సర్వర్ కూలినా కౌంటర్ తెర అలాగే ఉంటుంది, మళ్లీ లేపుకోవచ్చు. ఈ గుణం చిన్నది కాదు. కానీ కొట్టులో పరిస్థితి వేరు. 8080 మీద అప్పటికే ఇంకేదో ప్రోగ్రాం కూర్చుని ఉంటుంది. విండోస్ ఫైర్‌వాల్ “అనుమతించాలా?” అని అడుగుతుంది, కౌంటర్ దగ్గరి కుర్రాడు ఏం నొక్కాలో తెలియక ఫోన్ చేస్తాడు. తెర ప్రోగ్రాం మూసినా వెనక సర్వర్ బతికే ఉండి డేటాబేస్ ఫైలుని పట్టుకుని కూర్చుంటుంది. అప్‌డేట్ ఒకదానికి పడి రెండోదానికి పడకపోతే ఇద్దరి మాటా ఒకరికొకరికి అర్థం కాదు. ఫోన్లో వీటిని సరిచేయించడం ఎంత కష్టమో కాశీనగర్, గుణుపూర్ కొట్లతో చేసి చూశాను.

రెండోది, సర్వర్ కోడ్‌ని ఉన్నదున్నట్టు లైబ్రరీగా తెచ్చి కలిపేయడం. నేను మొదట చేసిందీ, 21 తెచ్చిపెట్టిందీ ఇదే. గ్లోబల్ వేరియబుల్ అందులో ఒక దోషం మాత్రమే. నా సర్వర్ గో భాషలో ఉంది. ఒంటరిగా నడిచేటప్పుడు అది తనే ఇంటి యజమాని. డేటాబేస్ తెరవలేకపోతే లాగ్ డాట్ ఫేటల్ అని కేకేసి ప్రోగ్రాంని ముగించేస్తుంది. సొంత ప్రోగ్రాంలో అది న్యాయమే. ఇంకొకరి ప్రోగ్రాంలో అదే పని చేస్తే, కౌంటర్ మీద సగం కొట్టిన బిల్లుతో సహా తెర మొత్తం మాయమవుతుంది. ఆఖర్న చేయమని డిఫర్ పెట్టి రాసుకున్న సర్దుబాట్లు కూడా నడవవు, ఎందుకంటే ఆ కేక వెనక ఉన్నది ఓఎస్ డాట్ ఎగ్జిట్. ఏ అభ్యర్థన ఎక్కడికెళ్లాలో చెప్పే దారులన్నీ గో ఇచ్చే ఉమ్మడి పట్టిక డిఫాల్ట్ సర్వ్‌మక్స్‌లో నమోదు చేసుకున్నాను. రెండో సర్వర్ వచ్చి అవే దారులు నమోదు చేయబోతే ప్యానిక్, అంటే ప్రోగ్రాం అక్కడికక్కడే కూలుతుంది. దాన్ని తప్పించడానికి “ఇప్పటికే నమోదైతే వదిలెయ్” అని అతుకు వేశాను. ఆ అతుకు వల్లే రెండు సర్వర్లు మౌనంగా కలిసి నడిచాయి, తప్పు గడువు ముందురోజు దాకా దాక్కుంది. ప్యానిక్‌ని ప్యానిక్‌లాగే వదిలేసి ఉంటే మొదటి రోజే తెలిసేది.

మూడోది డిపెండెన్సీ ఇంజెక్షన్. పేరు పెద్దది, 2004లో మార్టిన్ ఫౌలర్ పెట్టాడు. పని చిన్నది. ఒక ముక్కకి కావలసిన వస్తువుల్ని అది లోపలినుంచి వెతుక్కోకుండా, పుట్టించేవాడు బయటినుంచి అందించాలి. అంతే. నా సర్వర్‌కి “కొత్త సర్వర్” అనే ఒక్క ఫంక్షన్ పెట్టాను. దానికి చేతికిచ్చేవి ఇవి: డేటాబేస్, వినే చెవి అంటే లిజనర్, లాగ్ రాసే చోటు, గడియారం, కొట్టు వివరాలు. కొట్టు వివరాల్లో రాష్ట్రం కోడ్, బిల్లు నంబర్ల వరస ఉంటాయి. పాతపట్నానికి ఒకసారి పిలుస్తాను 37 ఇచ్చి, పర్లాకిమిడికి ఒకసారి పిలుస్తాను 21 ఇచ్చి. ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది. ఉమ్మడి గడి అన్నదే లేదు కనుక ఒకరిది ఇంకొకరు చెరిపే వీలు లేదు.

లిజనర్ సంగతి కాస్త విడమరచి చెబుతాను, ఎంబెడ్ చేసేవాళ్లకి, అంటే సర్వర్‌ని ఇంకో ప్రోగ్రాంలో కూర్చోబెట్టేవాళ్లకి, ఎక్కువ మేలు చేసేది అదే. సర్వర్ తనంతట తానే “8080 మీద వింటాను” అంటే ఆ పోర్టు ఖాళీ లేనప్పుడు కథ అక్కడితో ఆగిపోతుంది. లిజనర్‌ని నేనే చేసి ఇస్తే పోర్టు 0 అడగొచ్చు. ఖాళీగా ఉన్నదేదో ఆపరేటింగ్ సిస్టమే వెతికిస్తుంది. ఆ కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ చిరునామా మీదే తెరిస్తే ఊరివాళ్ల వై-ఫైకి కనిపించదు. పరీక్షల్లోనైతే అసలు నెట్‌వర్కే లేకుండా మెమరీలోని పైపు ఇవ్వొచ్చు. వీటిలో దేనికీ సర్వర్ కోడ్‌లో ఒక్క లైను మారదు. సందేశాలు చేరవేసే నాట్స్ సర్వర్‌ని గో ప్రోగ్రాంలో కూర్చోబెట్టేవాళ్లకి పోర్టు తెరవకుండానే లోపలే మాట్లాడుకునే వీలు ఇచ్చారు. వివరాలు దాచిపెట్టే సర్వర్ ఎట్‌సీడీలో ఎంబెడ్ అన్న పేరుతోనే ప్యాకేజీ ఉంది. జెట్టీ అయితే జావా ప్రోగ్రాంలో ఒక వస్తువులా పుట్టించి వాడుకునే సర్వర్‌గా ఎన్నో ఏళ్లుగా నిలబడింది. అన్నిటా ఒకటే తీరు: కాన్ఫిగరేషన్ చేతికిస్తారు, వస్తువు పుడుతుంది, మొదలుపెట్టు అంటే మొదలవుతుంది, ఆగు అంటే ఆగుతుంది.

గడియారాన్ని చేతికివ్వడం అతి అనిపించొచ్చు. ఏప్రిల్ 1న బిల్లు కొట్టి చూడండి. జీఎస్టీ నియమం ప్రకారం బిల్లు నంబరు ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. కాబట్టి మార్చి 31 అర్ధరాత్రి దాటగానే కొత్త వరస మొదలవ్వాలి. మా దగ్గర ఏప్రిల్ 1 ఉత్కళ దినం కూడా. 1936లో ఆ రోజే ఒడిశా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి ఆ వైపుకి వెళ్లింది. ఒడిశాలో సెలవు, పాతపట్నం కొట్టు మాత్రం తెరిచే ఉంటుంది. ఆ కొట్టుకి తెల్లవారి మొదటి బిల్లు పాత వరసలో పడితే సరిచేసే మనిషి దొరకడు. గడియారం నా చేతిలో ఉంది కాబట్టి నవంబర్‌లోనే కూర్చుని మార్చి 31 రాత్రి 11:59కి ఒక బిల్లు, రెండు నిమిషాల తర్వాత ఇంకో బిల్లు కొట్టి చూసుకున్నాను. ఆ పరీక్ష నడవడానికి రెప్పపాటు చాలు.

అన్నిటినీ ఇలా చేతికివ్వాలా? వద్దు. నేను మొదట ఆ ఉత్సాహంలో పన్నుని రూపాయికి సవరించే లెక్కని కూడా బయటినుంచి ఇచ్చాను. ఫంక్షన్‌కి పన్నెండు వస్తువులు ఇవ్వాల్సొచ్చింది, చదివేవాడికి ఊపిరాడదు. ఇప్పుడు పాటించేది రెండే కొలతలు. బయటి ప్రపంచాన్ని ముట్టుకునేదైతే చేతికివ్వాలి: డిస్కు, నెట్‌వర్కు, సమయం, లాగ్. రెండు సర్వర్ల మధ్య తేడా ఉండేదైతే చేతికివ్వాలి. ఒట్టి లెక్కలు లోపలే ఉండనివ్వాలి.

ఇల్లు అలకగానే పండగ కాదు. వస్తువులన్నీ బయటినుంచి ఇచ్చినా సర్వర్ యజమానిలాగే ప్రవర్తిస్తే ఎంబెడ్ అవ్వదు. తప్పు జరిగితే ప్రోగ్రాంని ముగించకుండా ఎర్రర్‌ని వెనక్కి ఇవ్వాలి, ఏం చేయాలో ఇంటివాడు చూసుకుంటాడు. కంట్రోల్-సీ లాంటి సంకేతాల్ని తాను పట్టుకోకూడదు. కమాండ్ లైన్ ఫ్లాగులు చదవడం మెయిన్‌లోనే, అంటే ప్రోగ్రాం మొదలయ్యే చోటే ఉండాలి. ఆగమన్నప్పుడు చేతిలో ఉన్న బిల్లు పూర్తిచేసి ఆగాలి. 2017లో వచ్చిన గో 1.8 నుంచి అక్కడి హెచ్‌టీటీపీ సర్వర్‌కి షట్‌డౌన్ ఉంది, చేతిలో ఉన్న అభ్యర్థనలు ముగిసేదాకా ఓపిక పడుతుంది. ఇంకొకటి, డేటాబేస్‌ని తెరిచి ఇచ్చినవాడే మూయాలి. సర్వర్ ఆగుతూ ఆగుతూ దాన్ని మూసేస్తే, అదే డేటాబేస్ మీద నడిచే రిపోర్టు తెర మధ్యలో తెగిపోతుంది. ఇది నాకు రెండు రోజులు తిన్న చిక్కు.

నాలుగోది కంటైనర్. వస్తువుల్ని మనం చేత్తో అందించకుండా, ఎవరికేం కావాలో చూసి ఒక ఫ్రేమ్‌వర్కే జతచేస్తుంది. జావాలో స్ప్రింగ్, గూగుల్ వాళ్ల జూస్, గోలో ఊబర్ వాళ్ల ఎఫ్‌ఎక్స్ ఆ కోవవి. వందల క్లాసులు, పదిమంది మనుషులు ఉన్నచోట ఇది బరువు దింపుతుంది, అందులో అనుమానం లేదు. 2014లో వచ్చిన స్ప్రింగ్ బూట్ అయితే టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్‌నే ప్రోగ్రాం లోపల కూర్చోబెట్టి ఇస్తుంది. కానీ నాకు కావలసింది వేరేవాళ్ల ప్రోగ్రాంలో ఒదిగే సర్వర్. దానితోపాటు కంటైనర్‌ని కూడా తీసుకెళ్తే, ఆ ఇంటివాళ్లు కూడా దాని పద్ధతి నేర్చుకోవాలి. వాళ్ల దగ్గర ఇంకో కంటైనర్ ఉంటే రెండింటికీ పొత్తు కుదర్చాలి. ఎఫ్‌ఎక్స్ లాంటివాటిలో ఒక వస్తువు ఇవ్వడం మరచిపోతే కంపైల్ అయిపోతుంది, నడిపినప్పుడు బయటపడుతుంది. చేత్తో అందించేటప్పుడు ఫంక్షన్‌కి ఒక వస్తువు తక్కువైతే కంపైలర్ అక్కడే ఆపుతుంది. నా మెయిన్‌లో ఈ జతచేసే పని మొత్తం నలభై లైన్లు. నలభై లైన్లు తప్పించుకోవడానికి ఫ్రేమ్‌వర్క్ మోయడం నాకు సమ్మతం కాదు. రాసినవాడు కాక మరొకడు ఆ నలభై లైన్లు పైనుంచి కిందికి చదివితే, ఏది దేనిమీద ఆధారపడిందో తెలిసిపోతుంది.

సర్వీస్ లొకేటర్ అని మధ్యే మార్గం ఒకటి చెబుతారు. అన్నీ ఒక పెట్టెలో వేసి, సర్వర్‌కి ఆ పెట్టె ఇచ్చి, కావలసింది తీసుకోమనడం. అందులోంచి సర్వర్ ఏం తీసుకుంటుందో బయటివాడికి తెలియదు. గ్లోబల్స్‌కి తలుపు పెట్టినట్టు ఉంటుంది తప్ప నాకు తేడా కనిపించలేదు.

కాబట్టి మీ సర్వర్ ఇంకొకరి ప్రోగ్రాంలో కూర్చోవాలంటే, ఆ రెండూ ఒకే భాషలో ఉంటే, చేత్తో అందించే ఇంజెక్షనే మేలని నా గట్టి నమ్మకం. సరిగ్గా కుదిరిందా లేదా తెలుసుకోవడానికి ఒక పరీక్ష రాయండి: ఒకే ప్రోగ్రాంలో రెండు సర్వర్లు వేర్వేరు వివరాలతో లేపి, రెండింటికీ ఒకే బిల్లు ఇచ్చి, ఒకదాన్ని ఆపి, రెండోది ఇంకా పలుకుతోందో లేదో చూడండి. నా పరీక్షలో ఒకటి 21, ఇంకోటి 37. కొనేవాడు టెక్కలి వ్యాపారే, సరుకు 48,000 రూపాయలదే. 21 ఇచ్చినదాంట్లో ఐజీఎస్టీ 2,400 రావాలి, 37 ఇచ్చినదాంట్లో 1,200, 1,200 రావాలి. మార్పు చేసిన ప్రతిసారీ అది నడుస్తుంది.

గుణుపూర్‌లో ఒక రైస్ మిల్లుకి మాత్రం మొదటి దారే ఉంచాను. అక్కడి కాటా ప్రోగ్రాం ఎవరో చాలా ఏళ్ల కిందట వేరే భాషలో రాసింది, సీరియల్ పోర్టు నుంచి బరువు చదువుతుంది, దాని కోడ్ ఎవరి దగ్గరా లేదు. గో సర్వర్ అందులో ఒదగదు. అక్కడ సర్వర్ పక్కనే వేరే ప్రోగ్రాంగా నడుస్తోంది. లిజనర్‌ని బయటినుంచి ఇచ్చే ఏర్పాటు ఉండటం వల్ల దొరికిన పోర్టుని ఒక ఫైల్లో రాసి పెడుతుంది, ఆ ఫైలు చదివే చిన్న స్క్రిప్టు కాటా ప్రోగ్రాం పంపే బరువుల్ని అక్కడికి చేరుస్తుంది.