మోటూ ఎం4 రివ్యూ: ఐప్యాడ్‌కి సింథ్‌లూ ఆక్టాప్యాడూ కలపాలంటే

ఐప్యాడ్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల, వాయిద్యాల శబ్దాన్ని ఐప్యాడ్‌లోకి తెచ్చి, తిరిగి బయటికి పంపే పెట్టె) కొనేవాళ్లు ఎక్కువగా మైక్ ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం) గురించే అడుగుతారు. పాడటం, గిటార్ రికార్డు చేసుకోవడం వరకే అయితే అది సరే. సింథ్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే వాయిద్యం), డ్రమ్ మెషీన్, ఆక్టాప్యాడ్ లాంటివి కలపాలనుకుంటే ముందు పెట్టెను తిప్పి వెనక్కి చూడాలి. మోటూ ఎం4 వెనక రెండు లైన్ ఇన్‌పుట్లు (3, 4), నాలుగు బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్లు, అవే సిగ్నల్స్ వచ్చే ఆర్‌సీఏ సాకెట్లు, ఐదు పిన్నుల మిడి ఇన్, మిడి అవుట్ (శబ్దాన్ని కాకుండా ఏ నోటు ఎప్పుడు వాయించాలన్న సూచనల్ని మోసేవి), యూఎస్‌బీ-సి, ఒక పవర్ స్విచ్ ఉంటాయి. ముందు వైపు మైక్, గిటార్, లైన్ ఏదైనా పట్టే కాంబో సాకెట్లు రెండు. దీని తమ్ముడు ఎం2లో ఇన్‌పుట్లు మొత్తం రెండే. ఒక స్టీరియో సింథ్ పెట్టేసరికి అవి అయిపోతాయి, పాడేవాళ్లకి మైక్ పెట్టే చోటుండదు.

ఐప్యాడ్‌లో డ్రైవర్ వేసే పని లేదు. యూఎస్‌బీ-సి ఉన్న ఐప్యాడ్ అయితే (2018 నుంచి వచ్చిన ప్రోలు, నాలుగో తరం నుంచి ఎయిర్, ఆరో తరం మినీ, పదో తరం మామూలు ఐప్యాడ్) ఒక్క కేబుల్‌తో పని జరుగుతుంది. ఆ కేబుల్‌లో డేటా కూడా వెళ్లాలి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ పెడితే ఎం4 లైట్లు వెలుగుతాయి గానీ ఐప్యాడ్‌కి ఏమీ కనపడదు. లైట్నింగ్ పోర్టున్న పాత ఐప్యాడ్‌లకి యాపిల్ వాళ్ల లైట్నింగ్-యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్ కొని, దాని పక్క పోర్టులో ఛార్జర్ పెట్టాలి. లేకపోతే ఈ పరికరానికి కరెంటు ఎక్కువ కావాలంటూ ఐప్యాడ్ మొరాయిస్తుంది.

ఎం4కి విడిగా అడాప్టర్ పెట్టుకునే సాకెట్ లేకపోవడం పెద్ద లోపం. తినేదంతా ఐప్యాడ్ బ్యాటరీనే. కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్‌లోంచే పోయే కరెంటు) ఆన్ చేస్తే వాడకం ఇంకా పెరుగుతుంది. కొత్త ఐప్యాడ్‌లలో హెడ్‌ఫోన్ సాకెట్ లేదు, ఉన్న ఒక్క పోర్టునీ ఇంటర్‌ఫేస్ ఆక్రమించేస్తుంది. కాసేపు వాయించుకోవడానికి ఫర్వాలేదు గానీ, కార్యక్రమాలకి తీసుకెళ్లేవాళ్లు పవర్ డెలివరీ పాస్-త్రూ (ఛార్జర్ కరెంటుని ఐప్యాడ్‌కి దాటించే సదుపాయం) ఉన్న యూఎస్‌బీ-సి హబ్ కొనాల్సిందే. హబ్ తనకోసం కొంత ఉంచుకుని మిగతాది ఐప్యాడ్‌కి ఇస్తుంది కాబట్టి ఛార్జర్ 45 వాట్లదైతే నిశ్చింత. ముందు ఛార్జర్‌ని హబ్‌కి, తర్వాత హబ్‌ని ఐప్యాడ్‌కి కలిపి, చివర్లో ఎం4 స్విచ్ వేయండి. మధ్యలో ఛార్జర్ తీసినా పెట్టినా చాలా హబ్‌లు అన్ని పోర్టుల్నీ ఒకసారి తెంపి మళ్లీ కలుపుతాయి. పాట మధ్యలో అది జరిగితే వినేవాళ్లందరికీ తెలిసిపోతుంది. ఛార్జర్ పెట్టిన ప్లగ్‌ని టేపుతో అంటించేసినా తప్పులేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఆడియో కేబుళ్ల దగ్గర. కోర్గ్ వోల్కా అనే చిన్న సింథ్ సంగతే చూడండి. శబ్దం బయటికి రావడానికి దానికున్నది 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ తరహా సాకెట్ ఒక్కటే. 3.5 స్టీరియో నుంచి 6.35 స్టీరియోకి మారే చిన్న అడాప్టర్ తగిలించి ఎం4 మూడో ఇన్‌పుట్‌లో పెడితే శబ్దం దాదాపు రాదు, వచ్చినా పేలవంగా ఉంటుంది. సింథ్ పాడైందనుకుంటారు. ఆ ప్లగ్‌లో టిప్ (మొన) మీద ఎడమ, రింగ్ (దాని వెనక పట్టీ) మీద కుడి వస్తున్నాయి. ఎం4 ఇన్‌పుట్ మాత్రం బ్యాలెన్స్‌డ్, అంటే టిప్‌లోంచి రింగ్‌ని తీసేసి తేడాని మాత్రమే తీసుకుంటుంది. వోల్కా కీస్, బేస్ లాంటి వాటిలో రెండు వైపులా ఒకే మోనో సిగ్నల్ కాబట్టి తీసివేతలో మిగిలేది సున్నా. కొనాల్సింది 3.5 స్టీరియో ఒకవైపు, రెండు 6.35 మోనో ప్లగ్‌లు మరోవైపు ఉండే వై కేబుల్. మోనో సింథ్‌కైతే రెండింటిలో ఒక ప్లగ్ చాలు, రెండో ఇన్‌పుట్ మరో వాయిద్యానికి మిగులుతుంది.

3, 4 ఇన్‌పుట్లకి గెయిన్ నాబ్ (సిగ్నల్‌ని పెంచేది, తగ్గించేది) లేదని గుర్తుంచుకోండి. లెవెల్ సింథ్ దగ్గరే సరిచేసుకోవాలి. సింథ్ వాల్యూమ్‌ని ముప్పావు దాకా పెంచి, ఎం4 స్క్రీన్ మీద మీటర్ చూస్తూ సర్దండి. ఈ చిన్న స్క్రీన్ ముద్దుకి పెట్టింది కాదు. శబ్దం రానప్పుడు మొదట చూడాల్సింది ఇక్కడే. మీటర్ కదలకపోతే తప్పు కేబుల్‌దో సింథ్‌దో. మీటర్ కదులుతూ యాప్‌లో రాకపోతే తప్పు ఐప్యాడ్ లోపల. సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి ఆ యాప్‌కి మైక్రోఫోన్ అనుమతి ఉందో లేదో చూడండి. వచ్చేది సింథ్ శబ్దమైనా ఐప్యాడ్ లెక్కలో అది మైక్రోఫోనే.

యాప్ విషయంలో ఏయూఎం మిక్సర్‌కి సాటి లేదు. ఒక్కో ఛానెల్‌కి హార్డ్‌వేర్ ఇన్‌పుట్ 1, 2 మోనోగా, 3-4 స్టీరియోగా ఎంచుకోవచ్చు, మిడి క్లాక్ (టెంపో సంకేతం) బయటికి పంపొచ్చు. గ్యారేజ్‌బ్యాండ్ రికార్డింగ్‌కి బాగుంటుంది గానీ బయటి మెషీన్లకి క్లాక్ పంపదు. అందుకని వోల్కాని దాని టెంపోతో నడిపించలేరు.

మన ఆర్కెస్ట్రాల్లో ఇప్పటికీ కనిపించే ఆక్టాప్యాడ్ రోలాండ్ ఎస్‌పీడీ-20కి యూఎస్‌బీ లేదు, మిడి సాకెట్లే ఉన్నాయి. దాని మిడి అవుట్ నుంచి ఎం4 మిడి ఇన్‌కి ఒక్క కేబుల్ వేస్తే ఐప్యాడ్ శాంప్లర్‌లోని (రికార్డు చేసిన శబ్దాల్ని పలికించే యాప్) డప్పు, తాషా శబ్దాలు ప్యాడ్ మీద పలుకుతాయి. దెబ్బ కొట్టగానే శబ్దం టక్కున తెగిపోతోందంటే శాంప్లర్‌ని వన్-షాట్‌లో (శబ్దం చివరిదాకా పలికే పద్ధతి) పెట్టండి, లేదా ప్యాడ్‌లో గేట్ టైమ్ (నోటు నిలిచే సమయం) పెంచండి. చిన్న సింథ్‌లలో మిడి 3.5 సాకెట్‌గా వస్తోంది, అందులో ఎ, బి అని రెండు రకాల వైరింగ్ ఉంది. 2018లో ఎ రకాన్నే ప్రమాణంగా తీసుకున్నారు గానీ, అంతకు ముందువైన ఆర్టూరియా, నోవేషన్ పరికరాలు కొన్ని బి రకానివి. అడాప్టర్ తప్పు రకానిదైతే ఏదీ కాలదు, కాకపోతే ఒక్క నోటూ వెళ్లదు.

యూఎస్‌బీ ఉన్న వాయిద్యాల్ని కూడా హబ్‌కే తగిలించేద్దామనుకుంటే ఒక చిక్కు. ఐప్యాడ్ ఒకసారికి ఒక్క ఆడియో పరికరంతోనే పనిచేస్తుంది, మామూలుగా చివర్లో పెట్టినదానితో. యూఎస్‌బీలో ఆడియో కూడా పంపే వాయిద్యం పెట్టగానే ఎం4 మూగబోతుంది. ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ అనే డ్రమ్ మెషీన్‌లో యూఎస్‌బీ కాన్ఫిగ్‌లోకి వెళ్లి మిడి మాత్రమే అని పెట్టొచ్చు. అలాంటి సెట్టింగ్ లేని వాటిని ఐదు పిన్నుల కేబుల్‌తో కలపడమే మేలు. ఒకే మెషీన్‌కి రెండు దారుల్లోనూ క్లాక్ పంపొద్దు, టెంపో రెట్టింపవుతుంది లేదా కుంటుతుంది.

బఫర్ (ఐప్యాడ్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. ఒక బఫర్‌కి పట్టేది 2.7 మిల్లీసెకన్లు, పోయిరావడం, కన్వర్టర్లు కలిపితే ఇంకొంచెం. చిటపటలొస్తే 256కి పెంచండి. పాడేవాళ్లకి ఆ ఆలస్యం కూడా ఇబ్బందైతే ఎం4 మీద మాన్ బటన్ నొక్కితే గొంతు ఐప్యాడ్ దాకా పోయిరాకుండానే హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. నొక్కాక యాప్‌లో ఆ ఛానెల్‌ని మ్యూట్ చేయండి. రెండూ తెరిచి ఉంటే గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టు బోలుగా ఉంటుంది. నేరుగా వచ్చేదాన్నీ ఐప్యాడ్ నుంచి వచ్చేదాన్నీ కలిపే మిక్స్ నాబ్ ఎం2లో లేదు, ఎం4లో ఉంది. డబ్బు ఎక్కువ పెట్టడానికి నా దృష్టిలో అదొక్కటే చాలు.

గుయ్యిమనే హమ్ వస్తే ఇంటర్‌ఫేస్‌ని తిట్టే ముందు ఛార్జర్ తీసి చూడండి. అప్పుడూ పోకపోతే వోల్కాని ఆరు ఏఏ బ్యాటరీల మీద నడపండి. ఏది తీస్తే ఆగిందో దోషి అదే. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్‌లతో ఇది ఎక్కువ. ఐప్యాడ్ వెనక ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది కదా, ఆ లీకేజీయే ఇదీ. అడాప్టర్లన్నీ ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. అప్పటికీ ఉంటే సింథ్‌కీ ఇన్‌పుట్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లైన్ ఐసోలేటర్ వేస్తే తగ్గుతుంది.

అవుట్‌పుట్లు డీసీ-కపుల్డ్ (నిలకడ వోల్టేజీని కూడా దాటనిచ్చేవి) కాబట్టి మాడ్యులర్ సింథ్‌కి కంట్రోల్ వోల్టేజీ కూడా పంపొచ్చు. అది కొద్దిమందికే అవసరం. ఎక్కువమందికి పనికొచ్చేది 3-4 అవుట్‌పుట్లని ఎఫెక్ట్ పెడల్‌కి పంపి, తిరిగి ఇన్‌పుట్‌లోకి తెచ్చుకోవడం. గిటార్ పెడల్‌కి లైన్ లెవెల్ ఎక్కువైపోతుంది, యాప్‌లో ఆ సెండ్‌ని (పెడల్‌కి పంపే లెవెల్‌ని) 12 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించి మొదలుపెట్టండి.

మైక్, గిటార్ తప్ప ఇంకేం లేనివాళ్లకి ఇది అనవసరపు ఖర్చు. స్టీరియో సింథ్‌లు రెండు దాటినవాళ్లకి నాలుగు ఇన్‌పుట్లు చాలవు. వాళ్లు చిన్న మిక్సర్‌లో అన్నీ కలిపి 3-4లోకి తెచ్చుకోవచ్చు, కాకపోతే రికార్డింగ్‌లో దేనికది విడిగా రాదు. విడివిడిగానే కావాలంటే ఎనిమిది ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, అదీ సొంత అడాప్టర్ ఉన్నది చూసుకోవాలి.