అంబులెన్స్ లైట్లకు ఏ ఫ్లాషర్ మేలు?

ఇండికేటర్‌కు వాడే చిన్న ఫ్లాషర్ డబ్బా (లైటును వెలిగించి ఆర్పుతూ ఉండేది) చౌక, ఏ షాపులోనైనా దొరుకుతుంది. దాన్నే బుగ్గ లైట్లకూ తగిలించేవాళ్లున్నారు. పాతరకం డబ్బాలో ఉండేది వేడికి వంగే లోహపు పట్టీ. ఆ వేడి బల్బులు లాగే కరెంటు నుంచే రావాలి. 21 వాట్ల బల్బులకు లెక్కగట్టిన దానిమీద 55 వాట్ల హాలోజన్ జత పెడితే దడదడా కొట్టుకుని మాడుతుంది. ఎల్‌ఈడీ పెడితే అసలు మినుకుమనదు. దీని సంగతి ఇంతే.

అసలు పోటీ రిలే ఫ్లాషర్‌కూ ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌కూ మధ్య. రిలే అంటే కరెంటు అయస్కాంతంతో కాంటాక్టులను కలిపి విడదీసే స్విచ్చు. దానిది టక్ టక్ చప్పుడు, పనిచేస్తోందో లేదో చెవికే తెలుస్తుంది. కానీ నిమిషానికి 90 సార్లంటే గంటకు 5,400 దెబ్బలు. నిండు లోడులో లక్ష సార్లకు రేటింగున్న రిలేకి అది 19 గంటల లోపు ఆయుష్షు! పైగా హాలోజన్ ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు ప్రతి వెలుగుకీ కరెంటు ఎగదన్నుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి.

ఎలక్ట్రానిక్ దాంట్లో కాంటాక్టుల బదులు మాస్‌ఫెట్‌లు (కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ స్విచ్చులు) ఉంటాయి, అరుగుదల లేదు. 12 వోల్టుల దగ్గర 55 వాట్ల బల్బు సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది. ఒక్కో వైపు రెండుంటే 9 పైన, కాబట్టి ఔట్‌పుట్‌కు 15 ఆంపియర్లున్నది తీసుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. ఇంజను వేడికి దూరంగా బిగించాలి.

ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ సతాయించిందంటే ముందు ఎర్త్‌ను (బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు వెళ్లే దారిని) అనుమానించాలి, డబ్బాను కాదు. ఎర్త్ వదులైతే రెండు వైపులా మసకగా వెలగడం, లయ తప్పడం మామూలు. లైట్లు కొట్టుకుంటుండగానే మల్టీమీటర్ నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర ప్రోబు ఫ్లాషర్ ఎర్త్ టెర్మినల్‌కు పెట్టండి. 0.2 వోల్టుల లోపుంటే ఫరవాలేదు. 0.5 దాటితే బాడీమీద రంగు గీకి, వైరు కొసకు కొత్త లగ్గు (బోల్టు కింద బిగించే లోహపు కొస) వేసి బిగించండి.

ఒకవైపు ఆగకుండా వెలుగుతుంటే ఆ ఔట్‌పుట్ వైరు ఊడదీసి, ఆ టెర్మినల్‌కు బల్బున్న టెస్ట్ ల్యాంపు తగిలించండి. మల్టీమీటర్ వద్దు, లోడు లేకపోతే లీకేజీకే వోల్టేజి చూపించి తికమక పెడుతుంది. ల్యాంపు నిలకడగా వెలిగితే మాస్‌ఫెట్ షార్ట్ అయినట్టే, డబ్బా మార్చాలి. మినుకుమంటే ఫ్లాషర్ బాగానే ఉంది. ఆ వైరు ఎక్కడో తలుపు సందులో ఒరుసుకుని వేరే సప్లై అందుకుంటోంది.

కొత్తగా బిగించేవాళ్లకు మాత్రం ఫ్లాషర్ అక్కర్లేదు. ప్యాటర్న్ (మినుకుమనే వరస) లోపలే ఉన్న ఎల్‌ఈడీ లైట్లు కొని, స్విచ్చు, రిలే, ఫ్యూజు ద్వారా నిలకడైన సప్లై ఇస్తే చాలు. వీటిని పాత ఫ్లాషర్‌కు కలపడం తరచూ చూసే తప్పు: సప్లై తెగిన ప్రతిసారీ ప్యాటర్న్ మొదటికొస్తుంది, కొత్త లైటే పాడైందనుకుంటారు. రెండు లైట్లు కలిసి కొట్టుకోవాలంటే ఒకే మోడల్‌వి కొని సింక్ వైర్లు కలపండి. ప్యాటర్న్ మార్చే వైరు కొసకు టేపు చుట్టడం మరవద్దు. చాలా మోడళ్లలో అది బాడీకి తగిలినప్పుడల్లా ప్యాటర్న్ దానంతటదే మారిపోతుంది.