లివర్ పేషెంట్‌కి గాల్‌బ్లాడర్ ఆపరేషన్: ఈ సర్జరీ యూనిట్‌కి నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకు ఆపానంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది మామూలు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ రివ్యూ కాదు. మా నాన్నగారికి సిర్రోసిస్ ఉంది, దాని మీద గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. అందరికీ ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపించేసే ఆపరేషనే, కానీ లివర్ గట్టిపడిపోయిన మనిషి దగ్గరికొచ్చేసరికి లెక్కలన్నీ మారిపోతాయి. అందుకే రూమ్ ఎలా ఉంది, ఏసీ పనిచేసిందా లాంటివి నేను పట్టించుకోలేదు. కోసే ముందు ఎంత ఆలోచించారు, కోశాక ఎలా కనిపెట్టుకుని ఉన్నారు, మార్కులు వాటికే.

అంతకు ముందు చూపించిన చోట స్కాన్ రిపోర్ట్ చూడగానే రాళ్లున్నాయి, అడ్మిట్ అయిపోండి, చిన్న ఆపరేషనే అన్నారు. లివర్ సంగతి మేమే గుర్తు చేయాల్సి వచ్చింది. ఇక్కడి సర్జన్ గారు మాత్రం రిపోర్ట్ పక్కన పెట్టి నాన్నగారిని అడగడం మొదలుపెట్టారు: నొప్పి ఎక్కడ వస్తుంది, తిన్నాక వస్తుందా, జ్వరం వచ్చిందా, కళ్లు పచ్చబడ్డాయా అని. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో రాళ్లు మామూలుగానే ఎక్కువట, ఏ బాధా పెట్టకపోతే వాటి జోలికి వెళ్లరట. స్కాన్‌లో గోడ మందంగా ఉందని రాసినా అది ఇన్ఫెక్షనే అనుకోకూడదు, పొట్టలో నీరు ఉన్నా, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గినా అలా కనిపిస్తుందట. నాన్నగారికి నొప్పి పదేపదే వస్తోంది, ఒకసారి జ్వరం కూడా వచ్చింది కాబట్టి తీయడమే మంచిదన్నారు.

తర్వాత అదే రిపోర్ట్ వెనక ఐదు గీతలు గీసి రాశారు. బిలిరుబిన్ (కామెర్లలో పెరిగేది), ఆల్బుమిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చూపే అంకె), పొట్టలో నీరు, మెదడు మీద ప్రభావం, ఒక్కోదానికి 1 నుంచి 3 పాయింట్లు. 5, 6 వస్తే ఏ, 7 నుంచి 9 దాకా బి, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సి. దీన్ని చైల్డ్-ప్యూ స్కోర్ అంటారు. మాది 8. సి వచ్చుంటే ఆపరేషన్ చేసేవాణ్ని కాదు, చర్మంలోంచి గాల్‌బ్లాడర్‌లోకి ట్యూబ్ వేసి ఇన్ఫెక్షన్ తగ్గించి ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లతో మాట్లాడమనేవాణ్ని అని మొహం మీదే చెప్పారు. నాకు ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

బి వచ్చినా వెంటనే డేట్ ఇవ్వలేదు. ముందు పొట్టలో నీరు తగ్గాలన్నారు, మాత్రలు ఇచ్చి, ఉప్పు తగ్గించమని పంపేశారు. ఇంట్లో అందరికీ చిరాకు, అమ్మకైతే నొప్పి మళ్లీ వస్తుందేమోనని ఒకటే టెన్షన్. కానీ నీరుండగా కోస్తే కుట్ల దగ్గర కారుతూనే ఉంటుందని, ఇన్ఫెక్షన్, హెర్నియా వచ్చే ప్రమాదం ఉందని విడమరిచి చెప్పారు. ఈలోపు అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బాయేమోనని ఎండోస్కోపీ, బొడ్డు చుట్టూ నరాలు చూడటానికి సీటీ చేశారు. ల్యాప్రోస్కోపీలో మొదటి రంధ్రం మామూలుగా బొడ్డు దగ్గరే పెడతారు కదా, అక్కడ ఉబ్బిన నరం కనిపించడంతో పక్కకి జరిపి పెట్టారు.

మా పెదనాన్నగారు మాత్రం పెద్ద కోత పెడితే కళ్లతో చూసి చేస్తారు, అదే సేఫ్ అని పట్టుబట్టారు. ఆయన మాటలో పాతకాలపు నిజం లేకపోలేదు, 1990ల మొదట్లో సిర్రోసిస్ బాగా ముదిరినవాళ్లకి ల్యాప్రోస్కోపీ వద్దనే అనేవారు. ఇప్పుడు ఏ, బి వాళ్లకి అదే మేలంటున్నారు, రక్తం తక్కువ పోతుంది, గాయం చిన్నది.

ఐఎన్ఆర్ కొంచెం ఎక్కువుంది కదా, ప్లాస్మా ఎక్కించరా అని నేనే అడిగాను. అనస్తీషియా డాక్టర్ గారు విసుక్కోకుండా కూర్చుని చెప్పారు: లివర్ పాడైతే రక్తం గడ్డకట్టించేవీ తగ్గుతాయి, గడ్డకట్టకుండా ఆపేవీ తగ్గుతాయి, ఆ ఒక్క అంకె చూసి ఎంత రక్తం పోతుందో చెప్పలేం, పైగా ఊరికే ప్లాస్మా పోస్తే లివర్ నరాల్లో ప్రెజర్ పెరుగుతుంది. రక్తం మాత్రం రెడీగా పెట్టుకున్నారు.

లివర్‌కి అతుక్కున్న గాల్‌బ్లాడర్ వెనక గోడని పీకితే రక్తం ఆగడం కష్టమని, అవసరమైతే దాన్ని వదిలేసి మిగతాది తీస్తామని సంతకానికి ముందే చెప్పారు. చివరికి అదే చేశారు. బయటికి రాగానే అలా ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పి, పొట్టలోంచి బయటికి పెట్టిన డ్రెయిన్ ట్యూబ్‌లో పసరు రంగు వస్తుందేమో చూస్తుంటామన్నారు. రాలేదు.

నర్సుల గురించి ఎంత చెప్పినా తక్కువే. రోజూ పొద్దున్నే ఒకామె వచ్చి, చేతులు చాచి ట్రాఫిక్ పోలీసులా అరచేతులు ఎత్తి పట్టుకోమనేది, వణుకుతున్నాయా అని చూసేది, ఇవాళ ఏ వారం బాబాయ్ గారూ అని అడిగేది. నాన్నగారు రెండోసారికి చిరాకుపడి "నా బుర్ర బాగానే ఉందమ్మా" అన్నారు. ఆపరేషన్ తర్వాత లివర్ తట్టుకోలేకపోతే మత్తు, తికమక ఇలాగే మొదలవుతాయట. మలబద్ధకం రాకుండా లాక్టులోజ్ తప్పనిసరి. నొప్పికి పారాసిటమాలే, అదీ రోజుకి 2 గ్రాములు దాటనివ్వలేదు.

ఐదో స్టార్ పోయింది డిశ్చార్జ్ దగ్గర. సమ్మరీలో అందరికీ వేసే ప్రింటే వేశారు, అందులో ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఉంది! కిడ్నీలకి దెబ్బ, రక్తం పోయే ప్రమాదం అని వార్డులో అన్ని రోజులూ దగ్గరికి రానివ్వని రకం మందు, కాగితం మీద మాత్రం దర్జాగా రోజుకి రెండుసార్లు. చూపిస్తే సర్జన్ గారు అక్కడే కొట్టేసి పక్కన సంతకం పెట్టారు, సారీ కూడా చెప్పారు. కానీ మందుల పేర్లు తెలియని ఇంట్లోవాళ్లయితే అదే కాగితం పట్టుకుని నేరుగా మందుల షాపుకి వెళ్లేవాళ్లు. మేనేజ్‌మెంట్ వాళ్లు ఇది చదువుతుంటే, లివర్ పేషెంట్లకి డిశ్చార్జ్ ఫార్మాట్ విడిగా పెట్టండి, టైప్ చేసినాయన ఒక్కడే కాకుండా వార్డు నర్సు కూడా చూశాకే ఇంటికి పంపండి.