వాన ఫొటోలకు గోడాక్స్ టీటీ600: చవక ఫ్లాషే చాలు, తడవనివ్వకపోతే

బయట కుండపోతగా కురుస్తుంటుంది. ఫొటో తీసి చూస్తే తడి నేల, బూడిదరంగు ఆకాశం తప్ప చినుకు జాడ ఉండదు. చినుకు మెరవాలంటే వెలుగు దాని వెనక నుంచి రావాలి, ఆ వెనకాల చీకటి ఉండాలి. కెమెరా మీద నుంచి ఫ్లాష్ కొడితే లెన్స్‌కి జానెడు దూరంలో ఉన్న చినుకులే వెలుగంతా తాగేసి, తెల్లటి గుండ్రటి మచ్చలవుతాయి. కాబట్టి ఫ్లాష్ స్టాండెక్కాల్సిందే.

టీటీ600లో టీటీఎల్ (లెన్స్ గుండా వచ్చే వెలుగుని కొలిచి ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే లెక్కగట్టే పద్ధతి) లేదు, పవర్ చేత్తోనే పెట్టుకోవాలి. వానకి అది లోటు కాదు. చినుకుల్ని చూసి ఏ ఆటోమేటిక్ లెక్కా సరిగ్గా కుదరదు. దూరం నుంచి వెలిగించడానికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిసీవర్ లోపలే ఉంది, కానీ కెమెరా మీద ఉండి దానికి సంకేతం పంపే ట్రిగ్గర్, మీ కెమెరా కంపెనీకి సరిపోయేది, విడిగా కొనాలి. బడ్జెట్‌లో దాన్ని మరిచిపోకండి.

దీని అసలు బలం తక్కువ పవర్‌లో ఉంది. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకి సుమారు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. కంపెనీ లెక్క ప్రకారం ఈ ఫ్లాష్ మెరుపు నిడివి 1/300 నుంచి 1/20000 సెకను దాకా. ఫుల్ పవర్‌లో కొడితే ఆ మెరుపులోనే చినుకు 2 సెంటీమీటర్లు జారి గీతవుతుంది. అతి తక్కువ పవర్ 1/128లో అయితే కదిలేది 0.3 మిల్లీమీటర్లే, పూసలా నిలబడుతుంది. హైస్పీడ్ సింక్ (వేగమైన షటర్‌తోనూ ఫ్లాష్ వాడనిచ్చే మోడ్) ఉందని మురిసిపోయి షటర్ 1/1000 సెకను పెడితే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఆ మోడ్‌లో ఫ్లాష్ ఒక్కసారిగా కాకుండా షటర్ తెరిచినంతసేపూ తెరలుతెరలుగా వెలుగుతుంది. చినుకు 6.5 మిల్లీమీటర్ల గీతవుతుంది, పైగా పవరూ పడిపోతుంది. షటర్ 1/200 దగ్గరే ఉంచండి.

మొదలుపెట్టడానికి: మునిమాపు వేళ, కెమెరా వసారాలో. ఫ్లాష్ నాలుగు మీటర్ల అవతల, ఫ్రేముకి కాస్త పక్కగా, మీ వైపే తిప్పి. వెనక వేపచెట్టో, దీపం లేని గోడో ఉండాలి. 85 ఎంఎం లెన్స్, ఎఫ్5.6, ఐఎస్ఓ 800, పవర్ 1/32. వెలుగు చాలకపోతే ముందు ఐఎస్ఓ 1600 చేయండి, పవర్ జోలికి తర్వాత. చినుకుల మీద ఆటోఫోకస్ నిలవదు. ఒకరిని గొడుగుతో నిలబెట్టి, గొడుగు అంచు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చండి. గొడుగు మీద చిట్లే తుంపర వెనక వెలుగుకి వెండి అంచులా వస్తుంది. ఫొటోకి ప్రాణం అదే.

ఇక లోపం. దీనికి నీటి నుంచి ఏ రక్షణా లేదు. పారదర్శకమైన జిప్ కవర్‌ని బోర్లించి తొడిగి, కింద రబ్బరు బ్యాండు వేస్తే పని జరుగుతుంది. కవర్ ఫ్లాష్ ముఖానికి అతుక్కున్నప్పుడు ఫుల్ పవర్ వరసగా కొట్టకండి, ప్లాస్టిక్ కరుగుతుంది. నీళ్లు లోపలికి దిగాయనిపిస్తే స్విచ్ ఆపి, నాలుగు పెన్సిల్ సెల్స్ తీసేయండి. ఎండబెట్టి మళ్లీ వేసి చూద్దామనుకోవద్దు, విప్పి చూసే సాహసం అసలే వద్దు: లోపలి కెపాసిటర్ సెల్స్ తీసేశాక కూడా గట్టి షాక్ కొట్టగలదు. మెకానిక్ చేతికివ్వాల్సిందే.