నాలుగేళ్లు దాటిన వాడకం: నా స్ప్లెండర్ ప్లస్ సంగతులు

మాది కరీంనగర్ జిల్లా. పశువులకు టీకాలు వేయడం, వైద్యం చేయడం నా పని. చొప్పదండి, రామడుగు, గంగాధర మండలాల్లో ఊరూరా తిరగాలి. వెనక సీటుకు మందుల ఐస్ బాక్సు ఎప్పుడూ కట్టే ఉంటుంది. ఈ తిరుగుడు కోసమే హీరో స్ప్లెండర్ ప్లస్ కొన్నాను, నాలుగేళ్లు దాటింది. పల్లె దారులకు ఇంతకంటే నమ్మకమైన బండి నాకు కనబడలేదు.

97.2 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు, దాదాపు ఎనిమిది హార్స్‌పవర్. పికప్ కోసం చూసేవాళ్లకు ఇది నచ్చదు. కానీ బరువు 112 కిలోలే. ఆ తేలిక విలువ వానాకాలంలో తెలుస్తుంది. పొలాల బాటలో వెనక టైరు బురదలో దిగబడితే నేను బండి దిగి, ఫస్ట్ గేర్‌లో కొద్దికొద్దిగా రేజ్ ఇస్తూ, పక్కన నడుస్తూ ఒక్కడినే బయటికి తెచ్చుకుంటాను. చక్రాలు 18 అంగుళాలవి కాబట్టి గుంతల్లో పడినా హ్యాండిల్ గట్టిగా అదరదు. మందు సీసాలు మోసేవాడికి అది పెద్ద ఊరట.

మైలేజీ చెప్పాలంటే, యాభై లోపు వేగంలో నాకు లీటరుకు అరవై అయిదు దాకా వస్తోంది. డెబ్బై మీద నడిపితే బాగా తగ్గుతుంది. ట్యాంకు 9.8 లీటర్లు.

2020లో బీఎస్6 అనే కాలుష్య నిబంధనలతో కార్బురేటర్ పోయి, పెట్రోల్‌ను కొలిచి ఇంజన్‌కు పంపే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చలికాలం పొద్దున్నే చోక్ లాగే పని తప్పింది. అయితే పాత బండ్ల నుంచి మారేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఇందులో రిజర్వ్ నాబ్ ఉండదు. పైగా పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లగా ఉంచేది ఆ పెట్రోలే. అందుకే ముల్లు ఎర్ర గీత దాకా దిగకముందే పోయించండి. ఆ పంపు కరెంటుతో నడుస్తుంది కాబట్టి బ్యాటరీనీ పట్టించుకోవాలి. అది పూర్తిగా చచ్చిపోతే కిక్ కొట్టినా స్టార్ట్ అవుతుందన్న భరోసా లేదు.

ఐ3ఎస్ ఉన్న రకంలో న్యూట్రల్‌లో కొన్ని సెకన్లు ఆగితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది, క్లచ్ నొక్కగానే మళ్లీ అందుకుంటుంది. రైల్వే గేటు దగ్గర బాగా పనికొస్తుంది. వద్దనుకుంటే స్విచ్ ఉంది.

బ్రేకుల విషయం మాత్రం కొనేముందే ఆలోచించుకోవాలి. నా బండికి ముందూ వెనకా 130 మి.మీ. డ్రమ్ములే. వెనక బ్రేక్ తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) అయినా ఇలాంటి ఏర్పాటైనా ఉండాలని 2019 ఏప్రిల్‌లో తప్పనిసరి చేశారు. ఒక్కడినే ఉంటే నాకు ఇవి చాలు. వెనక మనిషి, పైన సామాను ఉన్నప్పుడు జగిత్యాల రోడ్డెక్కితే ముందు బండికి బాగా దూరం వదులుతాను. ఆ రోడ్డు మీద గ్రానైట్ బండలు మోసే లారీలు తిరుగుతుంటాయి. వాటిని దాటాలంటే మూడో గేర్‌కు దింపినా వేగం నిదానంగానే అందుకుంటుంది. ఎదురుగా రోడ్డు చాలా దూరం ఖాళీగా కనబడితే తప్ప నేను ఓవర్‌టేక్‌కు పోను. రోజూ హైవే మీదే తిరిగేవాళ్లు ముందు డిస్క్ ఉన్న 125 సీసీ బండి చూసుకోవడం మంచిది.

ఖర్చు తక్కువ. సామాన్లు మండల కేంద్రంలోనే దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా ఈ ఇంజన్ చేతికి అలవాటే. ఆయిల్ టైముకు మార్చండి. మట్టి రోడ్డు మీద తిరిగితే చైన్‌ను వారానికోసారైనా తుడిచి ఆయిల్ వేయండి. దుమ్ము పట్టి ఎండిన చైన్ స్ప్రాకెట్ పళ్లను కూడా అరగదీస్తుంది, అప్పుడు మొత్తం సెట్టు మార్చాల్సి వస్తుంది.