లైసెన్స్ ఇవ్వాలా, సొంత కంపెనీ పెట్టాలా? నెల్లూరు రొయ్యల చెరువుల దగ్గర ఏది మేలు

కాలేజీ ల్యాబ్‌లో ఒక పరికరం తయారైందనుకోండి. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో రైతు ఫోన్‌కి చెబుతుంది. దాన్ని మార్కెట్‌లోకి తేవడానికి దారులు రెండు: ఏదైనా కంపెనీకి లైసెన్స్ ఇచ్చి రాయల్టీ (అమ్మకాల్లో వాటా) తీసుకోవడం, లేదా సొంతంగా స్టార్టప్ పెట్టడం. బెంగళూరులో అయితే పెట్టుబడి ఎవరు పెడతారని అడుగుతారు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు మాత్రం ముందు అడిగేది "పాడైతే ఎవరొస్తారు?" అనే.

లైసెన్స్‌లో సుఖం ఉంది. ఫ్యాక్టరీ, డీలర్లు, బాకీల వసూలు అంతా అవతలివాళ్ల తలనొప్పి. చెన్నైలో రొయ్యలు, చేపల పెంపకంపై పనిచేసే సీబా పరిశోధన సంస్థ తన 'వనామీ ప్లస్' మేత టెక్నాలజీని చిన్న మిల్లులకు ఇలాగే ఇచ్చింది. మిల్లులో యంత్రాలు ముందే ఉంటాయి, బస్తాలు అమ్మడం వాళ్లకు కొత్త కాదు. మేత, టెస్ట్ కిట్ లాంటి వాటికి నా ఓటు లైసెన్స్‌కే.

సెన్సర్ సంగతి వేరు. కొన్నాళ్లు చెరువులో ఉంటే దాని కొసకి పాచి జిగటగా పట్టేస్తుంది, రీడింగ్ తప్పుతుంది. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ టైంలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే రైతు అదనపు ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) వేయడు, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలిపోతాయి. ఇక ఆ చుట్టుపక్కల ఆ పరికరం పేరెత్తడానికి లేదు. లైసెన్స్ తీసుకున్న కంపెనీ ఎక్కడో పుణేలో ఉంటే, పాచి తుడవడానికి మనిషిని పంపుతుందా?

అందుకే దీనికి సొంత కంపెనీయే మేలు. కాకపోతే పరికరం అమ్మకుండా, శుభ్రం చేసే కుర్రాడితో కలిపి అద్దెకివ్వాలి. మేత, మందులే అరువు మీద తెచ్చి పంట పట్టాక కట్టే రైతులే చాలామంది. అలాంటివాళ్లు ఒకేసారి వేలు పోసి కొనరు. చిక్కల్లా ఏమిటంటే, అద్దె కూడా పంటకే వస్తుంది. ఆ మూడు నాలుగు నెలల జీతాలు ముందే చేతిలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ పథకం నిధి ప్రయాస్ లాంటి గ్రాంటు 10 లక్షల దాకా వచ్చినా అది నమూనా తయారీకే, కుర్రాళ్ల జీతాలకు కాదు.

ఏ దారిన వెళ్లినా, పరిశోధన పేపర్ అచ్చేయకముందే పేటెంట్‌కి ప్రొవిజినల్ (తాత్కాలిక) దరఖాస్తు పెట్టండి. పూర్తి దరఖాస్తుకి ఆపైన 12 నెలల గడువుంటుంది. హక్కు కాలేజీదా, మీదా, ఇద్దరిదీనా అన్నది కూడా అప్పుడే రాయించుకోవాలి. లైసెన్స్ ఇస్తే మాత్రం, ఫలానా తేదీలోగా సరుకు మార్కెట్‌లోకి రాకపోతే హక్కు వెనక్కి వచ్చేలా ఒప్పందంలో ఒక షరతు పెట్టించండి.