జైలు గోడ పక్కన సర్కస్ డేరా

మిషన్ ఇంపాసిబుల్ అంటే మనకి టామ్ క్రూజే గుర్తొస్తాడు గానీ, 1966లో సీబీఎస్ అనే అమెరికా టీవీ చానెల్లో ఈ సీరియల్ మొదలయ్యేసరికి ఆయనకి నాలుగేళ్లు. మొదటి సీజన్లో 'ఓల్డ్ మ్యాన్ అవుట్' అని రెండు భాగాల ఎపిసోడ్ ఉంది, నిన్న రాత్రి ఒకటే చూసి పడుకుందామనుకుని రెండూ అయ్యాకే లేచా. జైల్లో పడేసిన ముసలి కార్డినల్‌ని, అంటే క్యాథలిక్ చర్చిలో పెద్ద మతగురువుని, బయటికి తేవాలి, దానికి ఈ సీక్రెట్ ఏజెంట్ల టీమ్ వాళ్లేం చేస్తారంటే ఏకంగా జైలు పక్కనే సర్కస్ పెట్టేస్తారు! టీమ్‌లో ఒకడుగా చేసిన మార్టిన్ లాండౌ కావాలనే జేబు కొట్టి దొరికిపోయి లోపలికెళ్తాడు చూడండి, ఆ ముక్క సూపర్, దొంగతనం అంత నీట్‌గా చేసి పట్టుబడటం మాత్రం పెద్ద మొద్దులా చేస్తాడు. ట్రపీజ్ అమ్మాయిగా మేరీ ఆన్ మోబ్లీ, ఈవిడ నిజంగానే 1959 మిస్ అమెరికా. టీమ్ బాస్ ఇక్కడ స్టీవెన్ హిల్, తర్వాత సీజన్లలో ఉండడు, నాకైతే ఈయనే నచ్చాడు, అరవడు, చొక్కా నలగదు. కొంచెం సాగదీశారు, గంటలో అయ్యేదే, మధ్యలో ఫోన్ చూసుకున్నా ఏం మిస్సవ్వరు. టైటిల్స్ మాత్రం స్కిప్ చెయ్యకండి, షిఫ్రిన్ మ్యూజిక్ అయిదు లెక్కలో నడుస్తుంది, మన కర్ణాటక సంగీతంలో ఖండచాపు తాళంలా, చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసేస్తుంది. నా రేటింగ్ అయిదుకి నాలుగు.